నాన్న వాచీకి చార్జింగ్ ఎక్కని నాలుగు రోజులు

మా ఇంట్లో ఫిజిక్సు చదివింది నేను. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే తర్వాత సంగతి చెప్పడం తేలిక. కొత్తపేటలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ, కరెంటు ఎందులోంచి పారుతుందో ఎందులోంచి పారదో పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. ఆత్రేయపురంలో మా ఇంటి వెనక పాకలో పూతరేకులు తీసేది. అయినా నాన్న వాచీని బతికించింది అమ్మే. ఈ సంగతి నేను ఎక్కడ కూర్చున్నా చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

రెండు వేల దశకం చివరి ఏళ్లవి. నాన్న ఒక ప్రైవేటు కాలేజీ బస్సు నడిపేవారు. ఓ సాయంత్రం పిల్లల్ని దింపడానికి వెళ్తుంటే స్టీరింగ్ దగ్గరే గుండెలో నొప్పి వచ్చింది. బస్సు పక్కకి తీసి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడు సీటు మీద వాలిపోయారట. బస్సులో ఉన్న పిల్లల్లో ఒక్కరికి కూడా గీత పడలేదు. ఆ మాట చెప్పుకుని మేం ఎంత మురిసిపోయినా, కాలేజీ వాళ్లు మాత్రం డాక్టరు కాగితం తెస్తేనే బస్సు తాళాలు ఇస్తామన్నారు. రెండున్నర నెలలు చూస్తాం, ఆపైన వేరే డ్రైవరుని పెట్టుకుంటాం అన్నారు.

అమలాపురంలో డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి, మందులిచ్చి, నెలరోజుల పాటు రోజూ ముప్పావుగంట నడవమన్నారు. నాన్న బుద్ధిగా తలూపి వచ్చారు. రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని కాలవ గట్టు వైపు వెళ్లేవారు, ముప్పావుగంటకి తిరిగొచ్చేవారు. నెలయ్యాక తూకం వేస్తే బరువు తగ్గలేదు సరికదా ఒక కిలో పెరిగింది. గట్టు మొదట్లో టీ హోటలు ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చుని, అటుగా వెళ్లే ప్రతి బస్సు డ్రైవరు ఎలా గేరు మారుస్తున్నాడో వ్యాఖ్యానం చెప్పేవారని ఆ తర్వాత తెలిసింది.

“మీ మాట మీద నేను సంతకం పెట్టలేనండీ,” అన్నారు డాక్టరు గారు మొహం మీదే.

నాన్న ఇంటికొచ్చేశారు. మధ్యాహ్నం నడవాలో పడుకుంటే నిద్రలో కుడికాలు మంచం చివర చెక్కని నొక్కుతూ ఉండేది. బ్రేకు వేస్తున్నారన్నమాట. అది చూసి అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని పాకలోకి వెళ్లిపోయింది. ఆ బస్సు చేతిలోంచి పోతే మనిషి మనిషిలా మిగలరని మా ఇద్దరికీ తెలుసు.

అప్పుడే కువైట్ నుంచి మా బాబాయి సెలవు మీద వచ్చారు. అక్కడ ఒక ఇంట్లో కారు డ్రైవరు ఆయన. ఆ ఇంటి పిల్లాడు వాడి వదిలేసిన వాచీ ఒకటి అన్నగారికని తెచ్చారు. చేతికి వాచీ, లోపల చొక్కా కింద రొమ్ముకో పట్టీ. ఎంతసేపు నడిచామో, ఎంత దూరమో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అన్నీ రోజువారీగా దాచుకుంటుంది. దాన్ని తీసుకెళ్లి డాక్టరు గారికి చూపిస్తే ఆయన మొహం వెలిగింది.

“ఇది బాగుందండీ. దీనికి టీ తాగే అలవాటు ఉండదు. ముప్పై రోజులు ఇందులో చూపించండి, కాగితం రాసిస్తాను.”

అంతటితో ఆగలేదు. అమ్మని కూడా పక్కన నడవమన్నారు. అలా ముప్పై రోజుల లెక్క మొదలైంది.

వాచీ మంచిదే, దాని తీగే మాయదారిది. ఒక చివర కువైట్ ప్లగ్గు, మూడు బండ పుల్లలతో. దానికి మన గోడలో చోటు లేదు కాబట్టి మధ్యలో కన్వర్టరు. రెండో చివర బట్టలారేసే క్లిప్పు లాంటిది, అందులో నాలుగు బుల్లి పుల్లలు. వాచీ వెనకాల నాలుగు చుక్కలుంటాయి, పుల్లలు సరిగ్గా వాటి మీద కూర్చోవాలి. తీగ మెడ దగ్గర ఎప్పుడో నలిగింది. అటు వంచితే ఎక్కేది, ఇటు వంచితే పోయేది. నా కెమిస్ట్రీ పుస్తకం కింద పెట్టి, పైన అత్తరు సీసా ఉంచి, తీగకి రబ్బరు బ్యాండు కట్టి, ఊపిరి బిగబట్టి అవతలికి వచ్చేవాళ్లం. ఎవరైనా గట్టిగా తలుపేస్తే బాబాయి కేకలేసేవారు. చార్జింగ్ రెండు నడకలకి మించి నిలిచేది కాదు. కరెంటు కోత వేళలు చూసుకుని మరీ పెట్టాల్సి వచ్చేది.

పద్నాలుగు రోజులు అలా నెట్టుకొచ్చాం. పదిహేనో రోజున ఎటు వంచినా ఎక్కలేదు.

అప్పుడు నేనో పాపం చేశాను. పాకలోంచి చేతులు తుడుచుకుంటూ వస్తున్న అమ్మని చూసి, “నెయ్యి చేతుల్తో వాచీ ముట్టుకున్నావా?” అని గయ్యిమన్నాను. రేకులు మడిచేటప్పుడు నెయ్యి రాస్తారు కదా, అదే అంటుకుని ఉంటుందని నా శాస్త్రజ్ఞానం. అమ్మ లేదంది. “మరి ఇంకెవరు ముట్టుకుంటారు?” అన్నాను. అమ్మ వెనక్కి తిరిగి మళ్లీ పాకలోకి నడిచింది. ఆ రోజు నుంచి వాచీ ఉన్న బల్ల దరిదాపులకి రాలేదు.

బాబాయి తీగ పట్టుకుని అమలాపురం పరిగెత్తారు. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో మెడ దగ్గర కోసి అతికారు. ఇంటికొచ్చి పెడితే ఎక్కలేదు. మర్నాడు కొత్తపేటలో ఇంకో షాపు. అక్కడ పాత తీగ మొత్తం తీసేసి, ఆ క్లిప్పుకే కొత్త తీగ వేశారు. అప్పుడు వాచీలో దీపం ఒక్కసారి మిణుక్కుమంది, అందరం చప్పట్లు కొట్టాం, అది ఆరిపోయింది. మూడో రోజు బాబాయి కువైట్‌కి ఫోను చేసి అసలు తీగ పంపమని ఎవర్నో బతిమాలారు. వచ్చే మనిషి దొరకాలిగా, రెండు వారాలైనా పడుతుందన్నారు. ఆ రెండు వారాలు ఆగితే కాలేజీ వాళ్ల గడువు కాస్తా దాటిపోతుంది. నేను చైనా వాళ్లని, కువైట్ వాళ్లని, అమలాపురం షాపు వాళ్లని వరసగా తిట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పని ముగించి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఆరబెట్టుకుని, అమ్మ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

“నేనోసారి చూడొచ్చా?” అంది. అలా అడిగినందుకే నాకు సిగ్గేసింది.

మా అమ్మ వేళ్ల గురించి ఇక్కడ చెప్పాలి. పూతరేకు తీసే కుండ బోర్లించి ఉంటుంది, కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే పొర కడుతుంది. దాన్ని చిరగకుండా తీయడానికి ఒక్క క్షణమే ఉంటుంది. ఎడమ చేతి వేళ్ల కొసల్తో ఆ పొర ఊడిందో లేదో అమ్మ కళ్లు మూసుకుని చెప్పేది. ముప్పై ఏళ్లు ఆ పనే చేసిన వేళ్లవి.

వాచీ తిరగేసి, వెనకాల చుక్కల మీద ఉంగరం వేలి కొసని మెల్లగా జరిపింది. బొటనవేలితో రుద్దింది. వాసన చూసింది. తర్వాత క్లిప్పులో పుల్లల్ని కూడా అలాగే చూసింది.

“ఇది నెయ్యి కాదే. కొబ్బరినూనె,” అంది నాతో. తర్వాత నడవా వైపు తిరిగి, “ఏవండీ, మీరు గానీ దీనికి నూనె రాసేరా?”

నాన్న పేపరు కిందకి దించారు. “రాసేను. పుల్లల మీద ఆకుపచ్చగా ఏదో కనబడితేనూ. చెమట ఉప్పు కదా, తుప్పు పడుతుందనీ. పది రోజుల్నించి నడిచి రాగానే ఓ చుక్క రాస్తున్నాను.”

ఆయన చెప్పిన తీరులో ఎంత నమ్మకమో! మా ఇంట్లో తుప్పుకి కొబ్బరినూనె తప్ప వేరే మందు లేదు. తాళంకప్పకి, గొడుగు పుల్లలకి, కత్తిపీటకి, బస్సు తలుపు బందులకి అదే. కోనసీమలో పుట్టిన మగాడు ఇనుము చూస్తే చేసే మొదటి పని అది. పైగా చలికాలం కావడంతో నూనె పుల్లల చుట్టూ పేరుకుంది, దుమ్ము కూడా కలిసింది. కంటికి కనబడనంత పల్చటి పొర అది. నాన్న కూడా మాకెవరికీ చెప్పకపోవడానికి కారణం దాచాలని కాదు. తాళానికి నూనె వేస్తే ఎవరైనా ఇంట్లో చాటింపు వేస్తారా?

“కుండకి నూనె ఓ చుక్క ఎక్కువైతే రేకు పట్టదండీ. పిండి జారిపోద్ది. ఇక్కడా అదే అయ్యుంటది,” అంది అమ్మ.

నేను నాలుగు పేజీల్లో రాసినది అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది.

నాలుగు కుంకుడుకాయలు కొట్టి వేణ్ణీళ్లలో నురగ తీసింది. రేకుల గుడ్డ కొస చించి, ఆ నురగలో తడిపి, బాగా పిండి, ఒక్కో పుల్లనీ తుడిచింది. పుల్ల వంగకుండా, స్ప్రింగు నొక్కుకుపోకుండా. మళ్లీ పొడిగుడ్డతో తుడిచింది. వేలి కొసతో తడిమి చూసి, తల అడ్డంగా ఊపి, ఇంకోసారి తుడిచింది. ఎండలో పావుగంట ఆరబెట్టమంది. బాబాయి వాచీ ముందు గొంతుక్కూర్చుని కాకిని తోలుతూ కాపలా కాశారు. తర్వాత క్లిప్పు పెట్టాం. పుస్తకం లేదు, అత్తరు సీసా లేదు, రబ్బరు బ్యాండు లేదు. దీపం వెలిగింది. వెలిగే ఉంది. నేను అమ్మని పట్టుకుని ఏడ్చేశాను. “నిన్నన్నానమ్మా,” అన్నాను. “అన్నావులే, నీళ్లు పెట్టు, స్నానం చెయ్యాలి,” అంది.

మిగతా పన్నెండు రోజులూ వాచీ ఒక్కరోజు మొరాయించలేదు.

ముప్పై రోజులు నిండాక నలుగురం అమలాపురం వెళ్లాం. డాక్టరు గారు వాచీ బొత్తాలు నొక్కుతూ ఒక్కో రోజూ చూశారు. గుండె కొట్టుకోవడం రోజురోజుకీ నిమ్మళించిందని మెచ్చుకున్నారు. మళ్లీ తీసిన ఈసీజీ బాగుంది, బరువు కూడా తగ్గింది. నాన్న ఛాతీ విరుచుకుని కూర్చున్నారు. అంతలో డాక్టరు గారి వేలు ఆగింది.

“మధ్యలో నాలుగు రోజులు లేవేంటండీ?”

బాబాయి తీగ కథంతా చెప్పారు. నాన్న అందుకుని, “ఆ నాలుగు రోజులూ కూడా నడిచేనండీ, ఆయ్,” అన్నారు.

డాక్టరు గారు ఆయన వైపు చూడలేదు. అమ్మ వైపు చూశారు. “ఏమ్మా, నడిచేరా?”

బస్సు ఆ ఒక్క మాట మీద ఉంది. ఊఁ అంటే చాలు, కాగితం వచ్చేస్తుంది. నేను అమ్మ మోచెయ్యి గిల్లాను కూడా.

“మూడు రోజులు నడిచేరండీ,” అంది అమ్మ. “మూడో రోజు మాత్రం, వాచీ రాయని నడక ఎవడిక్కావాలని టీ హోటల్లో కూర్చుండిపోయేరు. నేనొక్కదాన్నే నడిచి వచ్చేనండీ.”

నాన్న మొహం మాడిపోయింది. బాబాయి పైకప్పు కేసి చూశారు. ఇంత కష్టపడి తనే బతికించిన వాచీని తన నోటితోనే చంపేసిందే అనుకున్నాను. అమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

డాక్టరు గారు వాచీ బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, అమ్మని చూశారు. తర్వాత సొరుగు లాగి తెల్ల కాగితం తీశారు.

“ఈయన గుండె బాగుందని ఈసీజీ చెప్పింది, వాచీ చెప్పింది. మళ్లీ టీ హోటల్లో కూర్చుంటే నాకు చెప్పేవాళ్లు ఉన్నారో లేదో తెలియక ఇన్నాళ్లూ ఆగేను. ఇప్పుడు తెలిసింది,” అంటూ రాయడం మొదలుపెట్టారు.

సంతకం పెట్టి కాగితం నాన్న వైపు జాపారు. నాన్న చెయ్యి ముందుకొచ్చి మధ్యలో ఆగిపోయింది.

“ఆవిడకివ్వండి,” అన్నారు నాన్న.