బావ పాట, బడ్జ్ బడ్జ్ గోడ

బావ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలంలో కలకత్తా నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడా, మీ బావ పాట ఉండిపోనాది. వానలు పడకముందే ఓపాలి రారా."

భజనలో బావ గొంతెత్తితే వీధి చివరికి వినిపించేది. ఏ ఫోన్‌లోనో ఆయన పాట దొరికిందనుకున్నాను. ఒప్పుకున్న తాపీ పని పక్కన పెట్టి, పలాసలో సాయంత్రం హౌరా బండి ఎక్కాను. వెళ్లేవాళ్లు రిజర్వేషన్ ముందే చేయించుకోండి. జనరల్ పెట్టెలో ఒంటికాలి మీద నిలబడే ఓపిక నాకైతే లేదు.

ఎదురు సీట్లో సోంపేట పెద్దాయన. కలకత్తాలోనే వాట్‌గంజ్‌లో ఉంటాడు, ఓడల డాక్‌లో పనిచేసి మానేశాడు. నేనెందుకు వెళ్తున్నానో చెబితే తింటున్న పులిహోర పక్కన పెట్టేశాడు. "పోయినోడి గొంతు మల్లీ ఇనడమంటే మాటలేటి బాబూ! మా ఇంటిదాని గొంతు నాకిప్పుడు గురుతే లేదు."

పొద్దున ఆరున్నరకు హౌరాలో దిగి, బస్సులో సీల్దా స్టేషన్ చేరాను. అక్క ఉండే మిల్లుల ఊరు బడ్జ్ బడ్జ్. అక్కడికి లోకల్ దక్షిణం వైపు ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరుతుంది. నేను తెలియక ఉత్తరం వైపు పోయి ఒక బండి పోగొట్టుకున్నాను. తర్వాతి దాంట్లో ఒకాయన "దాదా, ఎక్టు చేపే బోషున్", కాస్త జరిగి కూర్చోండన్నా, అంటూ నన్ను కిటికీకి అంటించేశాడు.

పదింటికి అక్క ఇల్లు చేరాను. కాళ్లయినా కడుక్కోకుండా "ఏదీ పాట?" అన్నాను. అక్క పెరట్లోకి తీసుకెళ్లి ఒక బస్తా మూతి విప్పింది. నిండా వేలెడేసి ముక్కలుగా తరిగిన జనపనార.

"ఇదేటక్కా?"

"పాటేరా. మీ బావ పనిచేసిన జూట్ మిల్లులో ఊడ్సి పారేసిన తుక్కు. మిల్లులో అంటిన నూనె పోయేదాకా సున్నం నీల్లలో నానబెట్టి, ఎండబెట్టి, మీ బావే తరిగి ఉంచినాడు."

బెంగాలీలో జనపనారను పాట్ అంటారు. ఇన్నేళ్లలో అక్క నోట అది పాట అయిపోయింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేను దేనికోసం వచ్చానో చెప్పాను. అక్క బస్తా మూతి మళ్లీ కట్టింది.

"ఆయన పాడినప్పుడు ఫోన్ పట్టాలని ఎవులికి తోసిందిరా" అంది.

బావ ఆ నారను మట్టిలో కలిపి పచ్చి ఇటుకలు చేసి, పెరట్లో గది కట్టుకుంటున్నాడు. ఉత్త మట్టి ఇటుక ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది, నార కలిస్తే గట్టిగా పట్టుకుని ఉంటుంది. మూడు గోడలు లేచాయి. నాలుగోది నడుము ఎత్తులో ఆగింది. అది లేస్తే గానీ పైన రేకులు పడవు, రేకులు పడకుండా వానలొస్తే ఆయన కట్టినవీ కరిగిపోతాయి. అక్క బెంగ అదీ.

ఉండిపోయాను. ఇద్దరం మట్టి తొక్కాం, అచ్చు పోశాం, ఆరబెట్టాం. ఒక పొద్దున మట్టి తొక్కుతూ అక్క సన్నగా ఒక పాట ఎత్తుకుంది. బావ మట్టి తొక్కేటప్పుడు పాడిందేనట. చేతి బురద తుడుచుకుని నేను ఫోన్ తీసేలోగా ఆపేసింది.

"తర్వాతది నాకు రాదురా. అక్కడి నుంచి ఆయనే పాడీవోడు."

గోడ లేచింది, రేకులు వేశాం. బస్తా అడుగున మిగిలిన పిడికెడు కూడా అక్క చివరి ఇటుకలో వేయించింది. గుర్తుగా ఉంచుకో అక్కా అంటే వినలేదు.

తిరుగు బండి మధ్యాహ్నం. కలకత్తాలో ఏం చూశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. హౌరా వంతెన కూడా బస్సు కిటికీలోంచే. ఖరగ్‌పూర్ దాటాక, పక్కవాళ్లు మధ్యాహ్నపు కునుకులో ఉన్నారు కదా అని ఆ పాట మెల్లగా ఎత్తుకున్నాను. అక్క ఆగిన చోటే నేనూ ఆగిపోయాను.