రేక్ తోలిన తోడికోడలు

మా తోడికోడలికి ట్రాక్టర్ నేర్పింది నేనే. ఈ మాట చాలామందికి చెప్పాను. ఎవరూ అడగకుండానే చెప్పాను. సంతలో అల్లం బస్తా పక్కన కూర్చుని చెప్పాను, జీపులో నా పక్కన ఇరుక్కుని కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పాను.

నాకు మా అన్న నేర్పాడు. మా పుట్టిల్లు చింతపల్లి వైపు. అన్న అక్కడ ఒక రైతు దగ్గర ట్రాక్టర్ తోలేవాడు. నా పెళ్ళికి ముందే స్టీరింగ్ నా చేతికిచ్చి పక్కన నడుస్తూ క్లచ్, బ్రేక్ నేర్పాడు. పెళ్ళయి అరకులోయలో అత్తవారి ఊరికి వచ్చాక చాలా ఏళ్ళు నేను ట్రాక్టర్ ఎక్కలేదు. ఎక్కడానికి ఊళ్ళో ట్రాక్టర్ ఉంటే కదా. ఆ తర్వాత మా ఆడవాళ్ళ సంఘానికి ప్రభుత్వం ఒక చిన్న ట్రాక్టర్ ఇచ్చింది. దాని వెనక తగిలించుకోవడానికి ఒక రేక్ కూడా వచ్చింది. పొడుగాటి ఇనప పట్టీకి వరసగా వంపు తిరిగిన పళ్ళు, పెద్ద దువ్వెనలా ఉంటుంది. దున్నిన చేలో దాన్ని లాక్కుంటూ పోతే రాళ్ళు, వేళ్ళు, మొద్దు ముక్కలు అన్నీ ఒక వరసలోకి వచ్చి పడతాయి. మావి కొండ మొదట్లో చేలు. ప్రతి ఏడూ వానలకి రాళ్ళు పైకి తేలతాయి. అంతకుముందు నడుములు వంచి బుట్టలతో ఏరేవాళ్ళం.

ఆ ట్రాక్టర్ వచ్చిన రోజు ఊళ్ళో దాన్ని తోలడం తెలిసిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సీటు నాదేననుకున్నాను.

మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడే మనిషి. ఆమే వచ్చి అడిగింది. "అక్కా, నాకూ నేర్పవా?"

నవ్వొచ్చింది, కానీ సంతోషంగానే నేర్పాను. చర్చి వెనక ఖాళీ స్థలంలో వారం రోజులు తిప్పాను. క్లచ్ వదలగానే బండి ఆగిపోయేది. ప్రతిసారీ నా వైపు చూసేది. అలా చూడడం నాకు బాగుండేది.

వారం తర్వాత కింద మైదానం నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. రేక్ వాడడం, బాగుచేసుకోవడం నేర్పే ట్రైనింగ్‌కి మా సంఘం నుంచి ఒక్కరినే పంపాలి. ఎవరన్నది ఆయనే తేలుస్తానన్నాడు. ఇద్దరినీ చెరో చుట్టు తోలమన్నాడు. ముందు నేను ఎక్కాను. రేక్ పైకెత్తి, మూడో గేరులో స్థలం చుట్టూ తిప్పి, మలుపులో వేగం తగ్గించకుండా తెచ్చి, ఇంజిన్ ఆపకుండానే కిందికి దూకాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆమె ఎక్కింది. మొదటి గేరులో చీమ పాకినట్టు వెళ్ళింది. ఆపాక రేక్‌ని నెమ్మదిగా నేలకి దించింది. ఇంజిన్ ఆపింది. బ్రేక్ వేసి, తాళం తీసుకుని అప్పుడు దిగింది. అదంతా భయంతో చేసిందని నాకు తెలుసు. నేను చెప్పినవి ఒక్కటీ మర్చిపోకూడదని పెదాలు కదుపుతూ చేసింది. దూకడం ఒక్కటే నేను ఆమెకి నేర్పలేదు.

మెకానిక్ ఆమెను చూపించాడు. "ఈ అమ్మని పంపండి."

"నాకు బాగా వచ్చు కదండీ," అన్నాను.

"మీకు తోలడం వచ్చమ్మా. వెనక పళ్ళున్న ఇనుము వేలాడుతుంటే, ఇంజిన్ నడుస్తుంటే దిగకూడదు. అది ఆమెకి వచ్చు."

ఆ రాత్రి అన్నం సయించలేదు.

ట్రైనింగ్ నుంచి ఆమె ఖాకీ చొక్కాతో, బూట్లతో తిరిగి వచ్చింది. చీర మానేసి పంజాబీ డ్రెస్సు మీద ఆ చొక్కా తొడుక్కునేది. చున్నీ వేసుకునేది కాదు, తిరిగే దేంట్లోనన్నా చిక్కుకుంటుందని. రోజూ పొద్దున్నే ట్రాక్టర్ చుట్టూ ఒకసారి తిరిగేది. టైర్లు నొక్కి చూసేది. రేక్‌ని ట్రాక్టర్‌కి పట్టి ఉంచే మూడు పిన్నులనీ, అవి జారకుండా పెట్టే చిన్న క్లిప్పులనీ వేలితో తాకి చూసేది. పళ్ళ బోల్టులు ఒక్కొక్కటీ స్పానర్ పెట్టి బిగించేది. రేక్‌ని ఎత్తే హైడ్రాలిక్ పైపు దగ్గర నూనె చెమ్మ ఉందేమోనని అట్టముక్క ఆనించి చూసేది. ఒత్తిడికి చిమ్మే నూనె చర్మంలోకి దిగిపోతుందని చెయ్యి మాత్రం పెట్టేది కాదు. పిల్లలు దగ్గరికొస్తే, "అటెల్లండి, ఇంకా దూరం," అనేది. ఆ గొంతు ఆమెకి ఎక్కడ నుంచి వచ్చిందో. ఒకరోజు మా ఆయన మడ్‌గార్డ్ మీద ఎక్కబోతే దింపేసింది.

"బావా, దీని మీద ఒక్క మనిషే. నడిసి రండి."

ఆయన నడిచి వెళ్ళాడు. ఇంటికొచ్చి కోపంగా ఉంటాడనుకున్నాను. అంబలి తాగుతూ మెచ్చుకున్నాడు. "మరదలు ఎంత నిదానం మనిషో. నువ్వైతే ఉరికించేద్దువు." నేను గిన్నె కడగడానికి బయటికి వెళ్ళిపోయాను.

ఆమె పనికి వెళితే ఆమె కూతురు, ఆరేళ్ళ గుంట, మా ఇంట్లోనే ఉండేది, మా ఇంట్లోనే తినేది. ఆ పిల్ల తలదువ్వుతూ కూడా లోపల రగులుతూనే ఉండేదాన్ని. సంతలో పక్క ఊరి ఆడవాళ్ళు నన్ను ఆపి, "నువ్వు ట్రాక్టర్ అమ్మాయి తోడికోడలివి కదా," అనేవాళ్ళు. నాకో పేరుంది. అది వాళ్ళకి అక్కర్లేదు.

దుక్కులయ్యాక రేక్ ఒక్కో ఇంటి చేలోకీ వచ్చింది. మా వంతు వచ్చిన రోజు ఆమె పొద్దున్నే కర్రల మోపుతో దిగింది. కర్రలకి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ఏ చేలో అయినా ముందు చేనుగల వాళ్ళతో కలిసి నడిచేది. కదలని రాయి, మొద్దు ఉన్న చోట కర్ర పాతేది. తర్వాతే ట్రాక్టర్ దింపేది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పై చేను మాకూ కింది చేను వాళ్ళకీ వచ్చాయి, అందుకని మా చేను ఆమెకి అంతగా తెలియదు.

ఇద్దరం నడిచాం. రెండు మొద్దులు చూపించాను. ఆమె కర్రలు పాతింది. పై గట్టు దగ్గరికి వచ్చాం. అక్కడ మట్టి కింద బెత్తెడు లోతులో ఒక బండ ఉంది. మా అత్తగారు ఉన్నప్పుడు ఎడ్లని దాని పక్కనుంచి తిప్పించేది. ఆవిడ పోయాక గట్టు మట్టి జారి బండని కప్పేసింది. పైకి ఏమీ కనిపించదు. నేను మాత్రం కళ్ళు మూసుకుని చూపించగలను.

"ఇక్కడేటైనా ఉందా అక్కా?"

"ఏటీ నేదు," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. ఒకటి రెండు పళ్ళు వంగుతాయి, చూసుకోలేదని నలుగురూ అంటారు, ఆ మెకానిక్ చెవిన పడుతుంది. అంతవరకే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదంటే ఎవరూ నమ్మకపోవచ్చు. నిజం మాత్రం అదే.

ఆమె మొదలుపెట్టింది. గట్టున నిలబడి చూశాను. రేక్ వెళ్ళిన చోట మట్టి మెత్తగా, తీర్చి దువ్వినట్టు అయింది. రాళ్ళు ఒక పక్కకి దొర్లి వరస కట్టాయి. అరపూటలో సగం చేను అయిపోయింది. ఏటవాలుకి అడ్డంగా తోలకుండా పైకీ కిందికీ తోలింది, చివర్లో తిరిగేటప్పుడు రేక్ ఎత్తి తిరిగింది. ఎక్కడా తొందర లేదు. నేనైతే అంత బాగా చెయ్యలేనని అప్పుడు తెలిసింది. తెలిశాక కడుపులో మంట రెట్టింపయింది.

ట్రాక్టర్ పై గట్టు వైపు ఎక్కడం చూస్తూనే ఉన్నాను. అరవడానికి టైము ఉంది. అరవలేదు.

ఠంగుమని మోగింది. రేక్ పట్టేసింది. ట్రాక్టర్ ముందు చక్రాలు రెండూ నేల మీంచి జానెడు లేచాయి. ఆమె క్లచ్ తొక్కేసింది. చక్రాలు తిరిగి నేలకి కొట్టుకున్నాయి. ఆ కుదుపుకి ఆమె మొహం స్టీరింగ్‌కి తగిలింది. నేను పరుగెత్తాను. నేను చేరేలోపు ఆమె ఇంజిన్ ఆపి, బ్రేక్ వేసి, తాళం జేబులో వేసుకుని దిగింది. దిగి అక్కడే కూలబడిపోయింది. కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది.

పక్క చేల నుంచి జనం వచ్చారు. ఒకరు నీళ్ళిచ్చారు, ఒకరు కొంగుతో మొహం తుడిచారు. "మట్టి కింద రాయి ఎవరికి కనబడతాది, బేగి క్లచ్ తొక్కింది కాబట్టి బతికింది," అన్నారు. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. ఆ మాటలు వింటుంటే లోపలెక్కడో మళ్ళీ చురుక్కుమంది. నన్ను ఎవరైనా అలా పట్టుకుని కూర్చోబెట్టారా ఎప్పుడైనా అనిపించింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కాసేపటికి ఆమె లేచి వెళ్ళి ఆ చోట మట్టి చేత్తో తుడిచింది. బండ బయటపడింది. దాని అంచున నాగలి గీసిన గీతలున్నాయి. పాతవి, నల్లబడ్డవి. ఆ గీతల మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

మర్నాడు నన్ను సంఘం షెడ్డుకి రమ్మంది. మూడు పళ్ళు వంగాయి, ఒకటి విరిగింది. ఎత్తిన రేక్ కింద చెయ్యి పెట్టకూడదని ముందు లావుపాటి దుంగలు పెట్టించింది, రేక్‌ని వాటి మీదకి దించింది, తాళం తీసి నా ఎదురుగా జేబులో వేసుకుంది. విరిగిన పన్ను బోల్టు తుప్పుపట్టి రావడం లేదు. ఇద్దరం స్పానర్ పట్టుకుని లాగుతున్నాం.

"నీకు తెల్సు," అంది.

"తెల్సు."

"మరెందుకు సెప్పనేదు?"

అబద్ధం వెతికాను. దొరకలేదు. "నీ సేతిలో అది బాగా నడుత్తంటే సూడలేకపోయాను," అన్నాను.

ఆమె స్పానర్ వదిలేసింది. "ముందు సక్రాలు లేసాయి. సూసావా?"

"సూసాను."

"ఎనక్కి తిరగబడితే నేను దాని కింద ఉందును. నా గుంట నీ ఇంట్లో తింటాది అక్కా. దానికేటి సెప్పేదానివి?"

ఆమె ఏడవలేదు, అరవలేదు. స్పానర్ మళ్ళీ తీసుకుని, "పట్టు," అంది. బోల్టు వచ్చింది. కొత్త పళ్ళు బిగించాం. ఆ తర్వాత చాన్నాళ్ళు నాతో పని మాటలే మాట్లాడింది. గుంటని మా ఇంటికి పంపడం మానేసింది. చర్చి దగ్గర పిల్లలతో ఆడుకుంటూ ఆ పిల్ల నన్ను చూసి చెయ్యి ఊపేది, అంతే.

సంఘం మీటింగులో నేనే లేచి చెప్పాను. బండ ఉందని నాకు తెలుసనీ, అడిగితే లేదన్నాననీ. ఒక పెద్దావిడ, "ఇంక దీన్ని ఆ బండి చుట్టుపక్కలకి రానీకండి," అంది. ఏం చేద్దామని అందరూ మా తోడికోడల్ని అడిగారు.

"దూరంగా ఉంచితే ఇంకా ఉడుకుతాది," అంది. "గ్రీజు పెట్టడం, కడగడం, బోల్టులు సూడడం ఈ ఏడాది అక్క సెయ్యాలి. సీటెక్కకూడదు. పై ఏడాది సూద్దాం."

అందులో దయ ఎంతో, శిక్ష ఎంతో నాకు తెలీదు. ఆ ఏడంతా చేశాను. పని అయ్యాక పళ్ళ మధ్య ఇరుక్కున్న గడ్డీ తీగలూ లాగడం, మట్టి కడిగి నూనె రాయడం, గ్రీజు గన్‌తో కీళ్ళకి గ్రీజు ఎక్కించడం. అరిగిన పన్ను ఏదో, అరగనిది ఏదో చేత్తో తడిమితే తెలిసేటంత అలవాటైంది. ఒక క్లిప్పు సగం విరిగి ఉండడం నేనే పట్టుకున్నాను. ఆమెకి చూపిస్తే, "ఊఁ," అని కొత్తది తెచ్చి పెట్టింది. ఆ ఊఁ కోసం ఎదురుచూసేదాన్నని అప్పుడు అర్థమైంది.

మరుసటి ఏడాది సీటెక్కించింది. నాకు తోలడం వచ్చన్నది ఆమె లెక్కలోకే తీసుకోలేదు. మొదటి గేరుతో మొదలుపెట్టించింది. తొందరపడితే చెయ్యెత్తి ఆపించేది. నేను నేర్పిన మనిషి దగ్గర నేను పాఠం నేర్చుకోవాల్సి రావడం మింగుడుపడలేదు, అయినా నేర్చుకున్నాను. ఇప్పుడు ఇద్దరం వంతులు వేసుకుంటాం. గుంట మళ్ళీ మా ఇంట్లోనే తింటోంది. ఆమె తోలిన చేలో రాళ్ళ వరస దారం పట్టినట్టు ఉంటుంది, నాది కొంచెం వంకర పోతుంది. ఆమె తోలిన చేను ముందునుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ తల పక్కకి తిప్పుకుంటాను.

మొన్న పెదబయలు నుంచి ఒక పిల్లని మా దగ్గరికి నేర్చుకోవడానికి పంపారు. ఇరవై దాటి ఉండదు. మేం వారాల తరబడి పడ్డ పాట్లు ఆ పిల్ల రెండు రోజుల్లో దాటేసింది. మూడో రోజు ఎవరూ చెప్పకుండానే రేక్‌ని కోణంగా తిప్పుకుని, కాఫీ ఆరబోసే కళ్ళం మొత్తం చదును చేసి, బండిని షెడ్డులోకి ఒక్కసారికే వెనక్కి పెట్టి, రేక్ దించి, తాళం తీసుకుని దిగింది. మా తోడికోడలు అలా ఒక్కసారికి ఎప్పుడూ పెట్టలేదు. ముందుకీ వెనక్కీ రెండుసార్లు పోవాల్సిందే.

"బాగుంది," అంది మా తోడికోడలు. అని వెళ్ళి, ఆ పిల్ల అప్పుడే చూసి వదిలిన పిన్నులు మళ్ళీ ఒక్కొక్కటీ చూడడం మొదలుపెట్టింది. పెదాలు బిగించి, కావాలని నిదానంగా. ఆ మొహం నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ళు అద్దంలో చూసుకున్నాను. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, బోల్టులు చూడడానికి స్పానర్ అందుకున్నాను.