రఖమాబాయి పాస్‌వర్డు

నాందేడులో పత్తి గింజ తీసి దూది బేళ్లు కట్టే రైతుల సహకార జిన్నింగ్ సంఘంలో రఖమాబాయి రోజందారీ మీద ఊడ్చేది. రోజందారీ అంటే వచ్చిన రోజుకు కూలి, రాని రోజున అలాంటి మనిషి భూమ్మీద లేనట్టే. పుట్టింది నాయ్‌గావ్ దగ్గరి పల్లెలో, గజం పొలం లేని ఇంట్లో. భర్త సంగన్న ఉమ్రి స్టేషన్లో హమాలీ, దూది బేళ్లు మోసేవాడు. ఆయన పోయాక ఆమె నాందేడు వచ్చి ఈ పనిలో చేరితే, గోదాము వెనక రేకుల గది ఒకటి ఇచ్చారు. కొలువు ఉన్నంతకాలమే ఆ గది.

ఆమె గురించి సంఘం కచేరీలో అందరికీ తెలిసిన సంగతి ఒకటే, మొగుడి పేరు పలకదని. ఆ తెలుగు-మరాఠీ సరిహద్దు ఊళ్లలో పాతకాలపు ఆడవాళ్లు చాలామంది అంతే. అయితే పెళ్లిలో నలుగురూ పట్టుబడితే పాటలో కలిపి ఒక్కసారైనా అనేసి సిగ్గుపడతారు. రఖమాబాయి అదీ అనలేదు. జనాభా రాసుకునేవాడు వచ్చి గంటసేపు బతిమాలి, చివరికి పక్కింటి శివవ్వను పిలిచి రాసుకుపోయాడు. "ఉన్నప్పుడు అనని పేరు పోయినంక అంటే మంచిగుంటదా" అనేది రఖమాబాయి.

1987లో సంఘానికి కంప్యూటర్ వచ్చింది. ఎందుకు వచ్చిందో విన్నారంటే నవ్వుతారు. పొద్దున సంఘంవాళ్లు తలుపులు మూసుకుని దూది ధర ఖాయం చేస్తే, మధ్యాహ్నానికల్లా బజారులో దళారులు ఆ ధరే చెప్పుకుని తమలపాకులు నములుతుండేవారు. మనుషుల కడుపులో మాట దాగదు కాబట్టి ఇనుప కడుపు ఒకటి కొందామని చేర్మన్ తీర్మానించాడు.

ఔరంగాబాదు నుంచి ఇంజనీరు దాన్ని తెచ్చి బిగించి, మేనేజరు దిగంబర్‌రావుకు జాగ్రత్తలు చెప్పాడు. దీనికి దుమ్ము పడదు, వేడి పడదు, కరెంటు ఎగుడుదిగుడు పడదు. అన్నిటికన్నా ముందు, తెరవడానికి ఒక రహస్యపు మాట పెట్టుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు. చెప్పినవాడు కిటికీలోంచి చూస్తే బయట గాలినిండా దూది ఎగురుతోంది. జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ పెట్టడమంటే పిండిమరలో పట్టుచీర ఆరేయడమే. ఇది మూడు నెలలకు మించి బతకదని ఇంజనీరు మనసులోనే అనుకుని బస్సెక్కాడు.

బతికింది. ఎందుకంటే ఆ గది రఖమాబాయి చేతికి వచ్చింది. మొదటిరోజే ఆమె చీపురును గడప బయట పెట్టేసింది. చీపురు దూదిని లేపుతుంది తప్ప తీయదని పద్నాలుగేళ్లుగా ఆమెకు తెలుసు. తడి గోనెపట్టా పరిచి, దానిమీద కాళ్లు అద్దకుండా ఎవరినీ లోపలికి రానివ్వలేదు. చేర్మన్ పంచెకు అంటిన దూదిని కూడా గడప దగ్గరే నిలబెట్టి ఏరింది. మిషన్ వీపు మీద అరచేయి ఆనించి, పిల్లలకు జ్వరం చూసినట్టు చూసేది. జిన్నింగ్ మరల బెల్టులు తిరగబోయే ముందు చేసే మూలుగు వినగానే, "కరెంటు పడతది, మూసుండ్రి" అని కేకేసేది. ఆపరేటరు అంబదాస్ పని దాచుకుని మిషన్ ఆపేవాడు. నిమిషానికి దీపాలు వణికేవి. ఆరు నెలలకు ఇంజనీరు మళ్లీ వచ్చి మూత విప్పి చూస్తే లోపల ఒక్క దూదిపోగు లేదు. ఆయనకు కొంచెం కోపం కూడా వచ్చింది.

రహస్యపు మాట సంగతి మాత్రం మొదట్లోనే అభాసుపాలైంది. దిగంబర్‌రావు తన మనవరాలి పేరు పెట్టాడు. మధ్యాహ్నం చాయ్ తెచ్చినవాడు, "పాప పేరు మిషన్‌కు పెట్టిండ్రట గద సాబ్, మంచి పని చేసిండ్రు" అన్నాడు. తరువాత అంబదాస్ ఒక మాట పెట్టి, ఒట్టేసి, తన బావకు ఒక్కడికే చెప్పాడు. ఆ బావ దళారీ. చేర్మన్ తల పట్టుకున్నాడు.

అప్పుడు దిగంబర్‌రావుకు రఖమాబాయి గుర్తొచ్చింది. "మొగని పేరే బయట పెట్టని మనిషి సాబ్. గామెకంటె గట్టి తాళం నాందేడు జిల్లాల దొరకదు" అన్నాడు. చేర్మన్ ఒప్పుకున్నాడు. అక్షరం రాని మనిషిని మిషన్ ముందు కూర్చోబెట్టి, నీకు తోచిన బొత్తాలు ఎన్నైనా నొక్కు, చివర ఈ పెద్ద బొత్తాం నొక్కు, మళ్లీ రోజూ అవే నొక్కాలి అని అంబదాస్ నేర్పాడు. నేర్పి, మేనేజరుతోపాటు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రఖమాబాయి గాజులు పైకి తోసి, ఎడమ ముంజేతి లోపలివైపు చూసుకుంది. అక్కడ పచ్చబొట్టు ఉంది. పెళ్లయిన ఏడాది మాలేగావ్ జాతరలో సంగన్న పొడిపించాడు. అందరూ దేవుడి బొమ్మలు, తేళ్లు పొడిపించుకుంటుంటే, తన పేరు పొడవాలి, అదీ రైలు డబ్బాల మీద ఉండే ఇంగ్లీషులో పొడవాలి అన్నాడు. ఉమ్రి గూడ్స్ షెడ్డులో బేళ్లమీద నల్లరంగు గుర్తులు వేసేవాణ్ణి అడిగి, పేరు రాయించిన కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు. పచ్చబొట్లామె దాన్ని చూసి గీతకు గీత దించింది. రఖమాబాయి చేతిమీది గీతను బొత్తాం మీది గీతతో పోల్చుకుంటూ, ఒక్కొక్కటే నొక్కింది. మిషన్ ఒప్పుకుంది. నోటితో అనలేని పేరు వేలితో అనేసరికి ఆమెకు మొహమంతా వేడెక్కింది.

అలా పాస్‌వర్డు ఊడ్చే మనిషి చేతిమీద పగలంతా కచేరీలో తిరిగింది, ఎవరికీ కనబడలేదు. ఊడ్చే మనిషి చేతివైపు చూసేదెవరు?

రోజూ తొమ్మిదికి ఆమె కూర్చునేది, మిగతావాళ్లు గోడవైపు తిరిగేవాళ్లు. ఎదురుగా క్యాలెండరు ఉండటంతో, ఆ ఏడాది ఏకాదశులన్నీ చేర్మన్‌కు నోటికి వచ్చేశాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ తిరగాలి. ఆమె చుట్టాల పెళ్లికని ముఖేడ్ వెళ్తే సంఘం మూడు రోజులు మూసే ఉంది. ధర మాత్రం మళ్లీ ఎప్పుడూ బజారుకు చేరలేదు.

రెండేళ్లు గడిచాయి. మిషన్ వచ్చాక మనుషులెందుకని పాలకవర్గం ముగ్గురిని తీసేయమంది. రోజందారీ వాళ్లు ముందు పోవాలి, కాబట్టి మొదటి పేరు రఖమాబాయిది. గది కూడా పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. తమాషా ఏమిటంటే, ఆ జాబితా కంప్యూటర్ కాగితం మీదే రావాలన్నారు. ఆమె తెరిస్తే గాని ఆమెను తీసేయడం కుదరదు.

దిగంబర్‌రావు చెడ్డవాడు కాదు, భయస్థుడు. మాట తెలిస్తే చాలు, మనిషితో పని ఉండదు అనుకున్నాడు. అయినా అది తెలియనిదేముంది? ఆమె పెట్టేది మొగుడి పేరే అయ్యుంటుంది, అది హాజరు పుస్తకంలో ఉండనే ఉంది. ఆమె చాయ్ తాగడానికి వెళ్లినప్పుడు మిషన్ ఆపి మళ్లీ వేయించి, అంబదాస్‌తో సంగన్న అని కొట్టించాడు. మిషన్ కాదంది. స్పెల్లింగు మార్చి మార్చి నాలుగు రకాలుగా కొట్టించాడు. నాలుగుసార్లూ కాదంది.

ఆమె తిరిగి వచ్చేసరికి మేనేజరు మొహం మారిపోయి ఉంది. తూకం వేసే ఇద్దరు తలుపు దగ్గర నిలబడ్డారు.

"రఖమాబాయి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. గిండ్ల నీ మొగని పేరే పెట్టినవా?" అన్నాడు.

"ఇంకెవరి పేరు పెడత సాబ్" అంది.

"మరి సంగన్న అని కొట్టినం. మిషన్ ఒప్పుకుంటలేదు. మిషన్ అబద్ధమాడదు."

తలుపు దగ్గర ఒకడు చిన్నగా నవ్వాడు. "మరి ఎవ్వరి పేరో ఏమో" అన్నాడు రెండోవాడు. ఆ మాట సాయంత్రానికి గోదాము దాటుతుంది, రేపటికి నాయ్‌గావ్ చేరుతుంది. ధరల సంగతి దాగినంత తేలిగ్గా ఇలాంటివి దాగవు.

జాబితా సంగతి రఖమాబాయికి తెలుసు. అంబదాస్ ముందురోజే చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. చేయి చూపిస్తే కొలువు పోతుంది, గది పోతుంది. చూపకపోతే, పోయిన మనిషికి ద్రోహం చేసినదని ఒక ఇనుపడబ్బా చెప్పిన సాక్ష్యం నిలబడిపోతుంది. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. గాజులు మోచేతిదాకా తోసి, చేయి బల్లమీద పెట్టింది.

"సదువుకోండ్రి. గిదే పేరు. దీన్ని సూసే కొడుత."

దిగంబర్‌రావు కళ్లజోడు సవరించుకుని వంగాడు. ముంజేతి మీద పచ్చటి ఇంగ్లీషు అక్షరాలు, కొంచెం అలుక్కుపోయి ఉన్నాయి. నో హుక్స్. కొక్కేలు గుచ్చరాదు అని హమాలీలకు చెప్పడానికి ప్రతి దూది బేలు మీదా నల్లరంగుతో వేసే మాట. రంగువాడికి తీరిక లేకనో, కొంటెతనం పుట్టో, పేరుకు బదులు చేతిలో ఉన్న అచ్చునే కాగితం మీద కొట్టి ఇచ్చాడు. అంబదాస్ ఆ అక్షరాలు కొట్టాడు. తెర తెరుచుకుంది. తలుపు దగ్గరివాళ్లు నవ్వు ఆపేశారు.

"ఒప్పుకున్నదా?" అంది రఖమాబాయి.

"ఒప్పుకున్నది" అన్నాడు అంబదాస్.

ఆమె ఊపిరి పీల్చుకుంది. దిగంబర్‌రావు ఆ చేతిమీదనుంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు. ఆ చూపును ఆమె మరోలా అర్థం చేసుకుంది.

"మీరు మునుపు సూడలేదా సాబ్? మన బేళ్ల మీద అన్నిటి మీద ఉంటది గద ఆయన పేరు. నేను ఈడికి అచ్చిన రోజే సూసిన. అన్ని బేళ్లు మోసిండని రాసిండ్రు. మనిషి పోయి గిన్నేండ్లయినా మరవలే, ఇంకా రాస్తనే ఉన్నరు. అందుకే ఈ కొలువు ఇడిసి ఏడికి పోలేదు."

దిగంబర్‌రావు తల తిప్పి చూశాడు. కిటికీలోంచి పెరట్లో లారీకి ఎత్తడానికి పేర్చిన బేళ్లు కనిపిస్తున్నాయి, వందకు పైనే.

"ఇగ మాట మీకు దొరికింది. గది ఎప్పుడు ఇడిసిపెట్టాలె?"

"నువ్వేడికి పోవద్దు" అన్నాడు దిగంబర్‌రావు. "నేనేం సూడలే. అంబదాస్ సూడలే. మాట మాకు దొరకలే. రేపు తొమ్మిదింటికి రా."

ఆమె తలాడించి గాజులు కిందికి జార్చబోయి, ఆగింది. చేయి మళ్లీ బల్లమీద పెట్టింది.

"నాకు సదువు రాదు, నోటితోని అనరాదు. ఆయన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లు ఇప్పుడు ఎవ్వరు లేరు. ఒక్కపారి మీరు సదువుండ్రి సాబ్, చెవులార ఇంట."

దిగంబర్‌రావు అక్షరాల మీద వేలు పెట్టాడు. ఒక్కో అక్షరం మీదుగా వేలు నెమ్మదిగా జరిపాడు.

"సంగన్న" అని చదివాడు.

రఖమాబాయి కళ్లు మూసుకుని వింది. "ఇంకొక్కపారి" అంది.