ఉమ్మడి గోడ పక్కన పునాది

మంగళగిరి గాలిగోపురం కింది సందుల్లో చాలా ఇళ్లకు విడివిడి గోడలుండవు. ఈ ఇంటి గోడే పక్కింటి గోడ. అలాంటి సందులో రెండు పాత ఇళ్ల మధ్య పేరమ్మకు పద్నాలుగడుగుల వెడల్పున్న స్థలం ఉంది. కింద చీరల కొట్టు, మధ్యలో అద్దెకు ఆఫీసు, పైన కాపురం ఉండాలని ఆవిడ పట్టుదల. ఆ ప్లాను గీసింది పీరు మేస్త్రీ కూతురు నస్రత్. గుంటూరులో డిప్లొమా చదివి వచ్చాక సొంతంగా చేపట్టిన మొదటి పని అది.

"అంగుళం కూడా వదలొద్దమ్మాయ్. వదిలిన చోట ఎవరు చీరలమ్ముతారు?" అంది పేరమ్మ.

నస్రత్ వదల్లేదు. నేత పనివాడు రంగయ్య ఇంటి గోడను ఆనుకునే పిల్లర్లకు గుంటలు తవ్వించింది. మట్టి అడుసుతో కట్టిన పాత ఇటుక గోడ అది.

రెండు వేల నాలుగు వానాకాలం. మధ్యాహ్నం నుంచి వాన దంచుతోంది. నస్రత్ గొడుగు పట్టుకుని గుంట అంచున నిలబడింది. కాసేపటికి గుంటలోకి వంగి చూసింది. పైన వాన పడుతూనే ఉంది, గుంటలో నీళ్లు మాత్రం తగ్గుతున్నాయి. తల ఎత్తితే గోడ మీద వెంట్రుకలాంటి పగులు. పొద్దున అది లేదు.

నీళ్లు ఎటు పోతున్నాయి? చిన్నప్పుడు రంగయ్య ఇంట్లో ఈ గోడవారనే చూసిన మగ్గం గుంట గుర్తొచ్చింది.

గొడుగు పారేసి రంగయ్య ఇంట్లోకి పరిగెత్తింది. ఆయన ఒక్కడే గోడవారన మగ్గం మీద కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, పాత మగ్గం గుంట పూడ్చలేదా?"

"పూడుస్తామటే? మా నాన్న కాళ్లు పెట్టుకుని నేసిన గుంట. పైన చెక్కలేసి స్టాండు మగ్గం పెట్టుకున్నా. ఏం, ఇప్పుడు గుర్తొచ్చిందా?"

నస్రత్ ఒక చెక్క ఎత్తింది. లోపల ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. గోడ అడుగు నుంచి మట్టి గడ్డలు జారి ఆ నీళ్లలో పడుతున్నాయి.

"లే బాబాయ్! బయటికి రా!"

"ఉండవే, పడుగు బిగిసుంది. మగ్గం కదిలితే పోగులన్నీ తెగుతాయి. పెళ్లివారి చీర."

"నువ్వు తెగితే ఎవరు అతుకుతారు?"

"అబ్బో, నోరు మాత్రం పీరుదే!" అని ఆయన నవ్వేలోపే పైనుంచి సున్నం పెచ్చు ఊడి పడుగు మీద పడింది. నవ్వు ఆగిపోయింది. నస్రత్ ఆయన రెక్క పట్టుకుని వీధిలోకి లాగింది.

"గుంటలు పూడ్చండి! ఇసక పొయ్యండి!" అని కూలీలను కేకేసింది. సందులోకి లారీ రాదు గనక ఇసక సందు చివర ఉంది. కూలీలూ ఇరుగుపొరుగూ వరసగా నిలబడి గమేళాలు అందించుకున్నారు.

పేరమ్మ తడుస్తూ వచ్చింది. "తవ్వింది పూడ్పిస్తావా? పిచ్చిగానీ పట్టిందా?"

"తప్పు నాది పిన్నిగారూ. రంగయ్య బాబాయ్ ఇల్లు చిన్నప్పట్నుంచి తెలిసిందే కదా అని లోపలికెళ్లి చూడలేదు."

"ఈ మాట ఊళ్లో తెలిస్తే నీకు ఇంకెవరైనా పనిస్తారుటే?"

నస్రత్ వరసలోకి వెళ్లి నిలబడింది. గమేళా అందుకుంది. గుంటలో గుమ్మరించి మళ్లీ చెయ్యి చాచింది.

గుంటలు నిండేసరికి పగుల్లో వేలు పడుతోంది. పేరమ్మ అందులో వేలు పెట్టి చూసింది. చటుక్కున వెనక్కి తీసుకుంది.

"పిల్లర్లు మూడడుగులు లోపలికి జరుపుతాను. పై అంతస్తులు బీముల మీద గోడ దాకా వస్తాయి గానీ, ఈ గోడ మీద బరువు పడదు. మీ కొట్టు మాత్రం ఇరుకవుతుంది" అంది నస్రత్.

"అవనీ" అంది పేరమ్మ.

వాన తెరిపిచ్చాక రంగయ్య పడుగు వదులు చేసొస్తానని గడప వైపు నడిచాడు. నస్రత్ చేతులు చాచి అడ్డం నిలబడింది.

"గోడకు సరుగుడు బాదులు పోటుగా ఆనించేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు."

"ఇంత భయస్తురాలివి, నీకు ఈ పనెందుకే?"

లోపల మరో పెచ్చు రాలిన చప్పుడైంది. రంగయ్య వెనక్కి అడుగేశాడు. నస్రత్ మాత్రం గడప దగ్గర నుంచి కదల్లేదు.