తెరిచి ఉంచమన్న బానెట్

మొన్న ఎండాకాలం మధ్యాహ్నం వేళ హనుమకొండలో ఒక పాత టాక్సీ రోడ్డు పక్కన ఆగిపోయి ఉంది. డ్రైవరు బానెట్ ఎత్తి, తడిగుడ్డను పెట్రోలు గొట్టానికి చుడుతున్నాడు. వేడెక్కిన ఇనుము మీద పెట్రోలు ఆవిరయ్యే వాసన నా దాకా వచ్చింది. మొదట కొంచెం తియ్యగా ఉండి, తరువాత గొంతు పట్టుకునే వాసన అది. ఆ వాసన తగిలితే నేను ముందుకు నడవలేను. ఎన్నేళ్ళయినా అంతే. పక్క దుకాణం అరుగు మీద కూర్చుని, ఆ బండి మళ్ళీ కదిలేదాకా చూస్తూ ఉండిపోయాను. కూర్చున్నంతసేపూ నా మనసంతా డాక్టర్ సుందరమ్మగారి మీదే ఉంది.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇదే హనుమకొండ సుబేదారిలో ఒక పెంకుటింట్లో ఆమె చిన్న దవాఖాన నడిపేవారు. స్వస్థలం బెజవాడ వైపు. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్లచీర. మాట్లాడితే తక్కువ, వింటే ఎక్కువ. ఊళ్ళలో కాన్పులకు పోవడానికి ఆమెకొక మోటారు కావలసి వచ్చింది. అప్పట్లో కార్లు దొరకడమే కష్టం. తన దేశానికి తిరిగిపోతున్న ఒక మిల్లు దొర తన రెండు సీట్ల పందెపు కారును అమ్మకానికి పెట్టాడు. పెళ్ళాం పిల్లలున్నవాడెవడూ అలాంటి బండి కొనడు. ఆమె కొన్నారు. పొడుగాటి ముక్కు, నేలకు జానెడు ఎత్తు, పక్కల తీగెల చక్రాలు. ఆ బండిలో ఒక డాక్టరమ్మ మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని పోతుంటే వరంగల్ బజారంతా పని ఆపి చూసేది.

నేను అప్పటికి కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టరు పని పోగొట్టుకుని ఉన్నాను. పై అధికారి నలుగురిలో నన్ను ఒక మాటన్నాడని చేతిలో ఉన్న స్పానరు నేలకు కొట్టి వచ్చేశాను. డ్రైవరు పని కోసం ఆమె దగ్గరికి పోయి, ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నలుగురిలో కాకుండా ఒక్కడివే ఉన్నప్పుడు అని ఉంటే ఊరుకునేవాడివా?" అని అడిగారు.

"ఊకుందునేమో అమ్మా."

"సరే, రేపటి నుంచి రా," అన్నారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

చలికాలమంతా బండి బాగానే నడిచింది. శివరాత్రి దాటాక పేచీ మొదలైంది. పోతున్నంతసేపూ ఏ బాధా లేదు. ఎక్కడైనా కాసేపు ఆపి, మళ్ళీ బయలుదేరబోతే ఇంజను పట్టుకునేది కాదు. నేను ప్లగ్గులు మార్చాను, తీగెలు మార్చాను, ట్యాంకు కడిగాను. ఆమెకు మోటారు గురించి ఏమీ తెలియదు. కానీ రోగిని అడిగినట్టు నన్ను అడిగేవారు. ఎప్పుడు ఆగుతుంది? పొద్దునా, మధ్యాహ్నమా? పోతూ పోతూ ఎప్పుడైనా ఆగిందా? ఒకరోజు దవాఖాన ముందు బండి ఆపగానే ఆమె దిగి, నన్ను బానెట్ తెరవమన్నారు. దాని బానెట్ ఇప్పటి కార్ల వలె పైకి లేచేది కాదు. నడుమ మడతబందు ఉండి, పక్షి రెక్కల్లా రెండు పక్కలా తెరుచుకునేది. పెట్రోలూ గాలీ కలిసే కార్బ్యురేటర్లు రెండూ ఒకే పక్కన ఉన్నాయి. పొగ పోయే గొట్టం కూడా సరిగ్గా వాటి కిందే ఉంది. ఆమె జ్వరం చూసినట్టు చేతి వెనుక భాగాన్ని కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెకు ఆనించారు. కాసేపాగి మళ్ళీ ఆనించారు. ఇంకాసేపటికి మళ్ళీ.

"ఆపినప్పటికంటే ఇప్పుడు వేడెక్కువగా ఉంది, సాయిలూ. ఆపితే చల్లారాలి కదా?"

నేను కూడా చెయ్యి పెట్టి చూశాను. నిజమే. నడుస్తున్నప్పుడు గాలి తగులుతుంది, కొత్త పెట్రోలు వస్తూ ఉంటుంది. ఆపగానే ఆ రెండూ ఉండవు. ఇంజను వేడంతా పైకి లేచి గిన్నెలోకి ఎక్కుతుంది. పెట్రోలు లోపలే మరిగి ఆవిరైపోతుంది. ఆమె అడిగారు, నేను చూసి చెప్పాను. మా ఇద్దరిలో ఏ ఒక్కరికీ విడిగా అది దొరికేది కాదు.

ఆ వారమంతా బండి పనే. కిరసనాయిలు డబ్బా కోసి, రెండు రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పెట్టి, పొగగొట్టానికీ కార్బ్యురేటర్లకూ నడుమ అడ్డంగా బిగించాను. బాయిలరు గొట్టాలకు చుట్టే ఆ సరుకు షెడ్డులో నా పాత దోస్తు ఇచ్చాడు. పెట్రోలు గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పాను. కార్బ్యురేటర్లను ఇంజనుకు బిగించే చోట మందపాటి అట్టలు వేశాను. ఇంత చేసినా వరంగల్ ఎండకు అది సగం మందే. మిగతా సగం ఆమె పెట్టిన నియమం. ఎక్కడ ఆగినా బండి మూతిని గాలికి ఎదురుగా తిప్పాలి, రెండు రెక్కలూ తెరవాలి. తన సంచి దించడం కూడా ఆ తరువాతే.

ఆ నియమమే నాకు బరువైంది. బజారులో బానెట్ తెరిచి ఉన్న బండి అంటే చెడిపోయిన బండి అని అర్థం. చౌరస్తాలో బట్టల దుకాణం కిష్టయ్యసేటు గద్దె మీద నుంచే పలకరించేవాడు.

"ఏం సాయిలు, మోటరుకు మళ్ళ పానం బాగలేదా?"

"గాలికి తెరిచిన సేటూ. మంచిగనే ఉన్నది."

"మంచిగుంటే నోరెందుకు తెర్సుకున్నది? జర డాక్టరమ్మకే నాడి సూపియ్యరాదా?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. చెడ్డవాడు కాదు సేటు. మనసులో ఏమీ ఉండదు. కానీ ఆ నవ్వు నా వెంట ఇంటిదాకా వచ్చేది. మెల్లగా నేను చౌరస్తాలో మాత్రం బానెట్ మూసి ఉంచడం మొదలుపెట్టాను. ఆమె మందుల దుకాణంలోకి పోగానే మూసి, రుమాలుతో బండి తుడుస్తూ నిలబడేవాణ్ణి. అదృష్టమో దురదృష్టమో, ఆ వానాకాలం, ఆ చలికాలం ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో అది తప్పు అన్న భయం కూడా పోయింది.

మరుసటి ఎండాకాలం. రోహిణి ఎండలు. చౌరస్తాలో ఆమె మందులు తీసుకుంటున్నారు, నేను బానెట్ మూసి నిలబడి ఉన్నాను. మామునూరు అవతలి ఊరి నుంచి ఓదేలు అనే రైతు సుబేదారికి పోయి, అక్కడ లేరంటే మమ్మల్ని వెతుక్కుంటూ పరుగున వచ్చాడు. తలగుడ్డ చేతిలో ఉంది. "నా పెండ్లాం నిన్నటి సంది నొప్పులు పడతాంది డాక్టరమ్మా. మంత్రసాని చేతులెత్తేసింది. తొలిసూరు," అన్నాడు. ఆమె వెంటనే వచ్చి కూర్చున్నారు.

ఇంజను పట్టుకోలేదు. పెట్రోలు తోడే పంపు ఖాళీగా టకటకమని కొట్టుకుంటోంది. అది విన్న క్షణమే నాకు సంగతి తెలిసింది. ఆమె దిగి నా పక్కన నిలబడ్డారు.

"బానెట్ తెరిచే ఉంచావు కదా, సాయిలూ?"

కిష్టయ్యసేటు గద్దె మీద నుంచి చూస్తున్నాడు. దుకాణంలో నలుగురున్నారు.

"తెరిచే ఉంచిన అమ్మా. ఇప్పుడే మూసిన."

"అయితే వేడి కాదన్నమాట. ఇంకేముందో చూడు."

ఆమె నన్ను నమ్మారు. నిజం చెప్పి ఉంటే మరుక్షణం టాంగా పిలిచేవారు. వేడి చల్లారడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. కానీ వేడి కాదని నేనే చెప్పాను కదా. చెప్పిన అబద్ధానికి తగ్గట్టు ప్లగ్గులు విప్పాను, తుడిచాను, బిగించాను. "ఒక్క నిమిషం అమ్మా, అయిపాయె," అంటూనే ఉన్నాను. ఆమె ఎండలో నిలబడే ఉన్నారు. ఓదేలు ఒకసారి ఆమె మొహం, ఒకసారి నా చేతులు చూస్తున్నాడు. చివరికి ఆమె టాంగాను పిలిచి అతన్ని ఎక్కించుకుని పోయారు.

వాళ్ళు పోయిన కాసేపటికి బండి తనంతట తానే పట్టుకుంది. పని కోసం తెరిచిన బానెట్‌లోంచి వేడి పోయింది, అంతే. ఊరి బయట వాళ్ళను అందుకున్నాను. ఆమె టాంగా దిగి నా పక్కన ఎక్కారు, ఓదేలు వెనుక సామాను చోట ముడుచుకుని కూర్చున్నాడు.

తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె చేతులు కడుక్కుని బయటికి వచ్చారు. బండి రెండు రెక్కలూ తెరిచి నేను దాని పక్కన నిలబడి ఉన్నాను. వాటిని చూసి, నన్ను చూశారు.

"తెరిచానన్నావు."

"అబద్ధం చెప్పిన అమ్మా."

"ఎందుకు?"

"నవ్వుతరని."

ఆమె మెట్టు మీద కూర్చున్నారు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అన్నారు. "ముందే వచ్చి ఉంటే బిడ్డ దక్కేదని నేను చెప్పలేను. దక్కేది కాదని కూడా చెప్పలేను. అది నాకు తెలియదు. ఈ మాట నాకు చెప్పి ఏం లాభం, సాయిలూ? పోయి ఆయనకు చెప్పు."

ఓదేలు బావి దగ్గర ఉన్నాడు. చెప్పాను. ఏ మాటలతో చెప్పానో గుర్తులేదు. అతను చేద తాడు పట్టుకుని విన్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండునని ఆ తరువాత చాలాసార్లు అనుకున్నాను.

"నవ్వుతరనా?" అన్నాడు. అంతే. చేద బావిలోకి వదిలాడు.

ఆమె నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ సంగతి మళ్ళీ ఎత్తనూ లేదు. చౌరస్తాలో నేను రెండు రెక్కలూ తెరిచి నిలబడేవాణ్ణి. సేటు అనేది అంటూనే ఉండేవాడు. ఆ నవ్వు నాకు బాధ కలిగించలేదని చెబితే అది మరో అబద్ధమవుతుంది. బాధగానే ఉండేది. తెరిచే ఉంచేవాణ్ణి.

రెండేళ్ళ తరువాత ఓదేలు భార్యను తీసుకుని దవాఖానకు వచ్చాడు. భార్యకు మళ్ళీ నెలలు. ఎండాకాలంలోనే కాన్పు. సుందరమ్మగారు పరీక్ష చేసి, అంతా బాగుందన్నారు. అతను ఆమెను వదిలి, గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగాడు.

"అన్నా, పిలిస్తె మోటరు టైముకు అస్తదా?"

నేను ఆమె వైపు చూశాను. అతను ఆమెను అడగలేదు, నన్ను అడిగాడు. ఆమె కూడా కలం మూత పెట్టి, నా జవాబు కోసం చూశారు. వస్తుందని చెప్పడానికి నా పెదవులు కదిలాయి. ఆ రేకుల అడ్డు, ఆ అట్టలు, అన్నీ నా చేతి పని.

"నమ్మకు," అన్నాను. "ఎండల ఆగితే మళ్ళ పట్టుకుంటదని నేను మాటియ్యలేను. నెల ముందే ఇక్కడికి తోల్కరా. దవాఖాన పక్కకే ఉంచు."

అతను నన్ను చూసి తలూపాడు. తోల్కొచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. పొత్తిళ్ళలో ఉన్న పిల్లను అతను నాకు చూపించాడు గానీ చేతికి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఆ తరువాత నేను ఎన్నో బండ్లు నడిపాను, సొంత షెడ్డు పెట్టాను. ఎవరైనా వచ్చి "మంచిగ నడుస్తదా?" అని అడిగితే ఈనాటికీ నా నోటికి మొదట వచ్చేది "ఫికర్ చెయ్యకు" అన్న మాటే. సుందరమ్మగారు ఆ గుణాన్ని నాలోంచి తీసేయలేదు. అది ఎవరివల్లా కాదనుకుంటాను. ఆ మాట బయటికి రాకముందు కాసేపు ఊరుకోవడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఎదుటి మనిషి ఎదురు చూస్తూ ఉంటాడు. నేను ఊరుకుంటాను. ఆ తరువాత, నాకు తెలిసినంత మేరకు, ఉన్నదున్నట్టు చెబుతాను.