ఎదురుగా కూర్చునే మనిషి

కార్తీక బహుళ చవితి, ఆదివారం. తెనాలిలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, మా ఆవిడ, బాపట్ల నుంచి వచ్చిన మా చెల్లెలి కూతురు, ఆమెతో కలిసి పనిచేసే పొన్నూరు అమ్మాయి. డైరీ ఇలా మొదలుపెట్టడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ఎవరెవరున్నారో రాయకుండా ఏమనుకున్నారో రాస్తే అది గాలికబురు కింద లెక్క.

మా మేనకోడలు ఒక ఆసుపత్రిలో వార్డుల పని చూస్తుంది. జీతమిచ్చేది మాత్రం ఆసుపత్రి కాదు, కాంట్రాక్టరు. ఖర్చులు తగ్గించుకోమని పైనుంచి మాట వచ్చిందట. జీతం కోతకు ఒప్పుకుంటూ సోమవారం సాయంత్రంలోగా సంతకాలు పెట్టాలి, పెట్టనివారు పనిలోకి రానక్కర్లేదు అన్నారట. ఇద్దరు పిల్లల చదువూ ఆ జీతం మీదే నడుస్తోంది.

"మాట్లాడదామంటే ఎవరితో మాట్లాడాలి మావయ్యా? ఆసుపత్రోళ్ళేమో కాంట్రాక్టర్ని అడగమంటారు. ఆయన హైదరాబాదులో ఉంటాడంట, మొహం ఎట్టా ఉంటదో కూడా తెల్దు మాకు" అంది.

"సూపర్‌వైజర్ని అడిగితే, నేనూ మీలాంటోణ్ణేగా అక్కా అంటాడండి" అని పొన్నూరు అమ్మాయి నవ్వింది.

ఆ మాటతో నా మనసు రేపల్లె వెళ్ళిపోయింది. అక్కడొక రైసు మిల్లులో, కాటా దగ్గర తూకాలు రాయడం నా తొలి ఉద్యోగం. బస్తాలు మోసే జట్టుకు మేస్త్రీ మా పెదనాన్న. వాళ్ళ సంఘానికీ ఆయనే పెద్ద. కొత్త ధాన్యం రావడానికి ముందు ఏటా కూలి రేట్ల మీద బేరం జరిగేది. మిల్లు వరండాలో చాపలు పరిచి ఒకవైపు జట్టువాళ్ళు, రెండోవైపు యజమాని కూర్చునేవారు. కుదిరిన మాటను కాగితం మీద పెట్టడం నా వంతు. లోపలినుంచి ఇత్తడి గ్లాసుల్లో కాఫీ వచ్చేది. బేరం తెగేదాకా దాన్ని మావాళ్ళు ముట్టుకునేవారు కాదు. యజమాని ఇచ్చిన కాఫీ తాగితే ఆయన మాటకు తలూపాల్సి వస్తుందని సంఘం పెట్టుకున్న కట్టుబాటు అది. గ్లాసులు రావడం, చల్లారడం, తిరిగి లోపలికి పోవడం ఏటా మామూలే. మీలో అలాంటి వరండాల్లో కూర్చున్నవారికి ఆ చల్లారిన కాఫీ వాసన గుర్తుండే ఉంటుంది.

ఒక ఏడు బియ్యం కొనే నాథుడు లేక, బ్యాంకులో అప్పు పుట్టక, చుట్టుపక్కల మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. మా యజమాని కూలి తగ్గిస్తాననీ, జట్టులో కొందరిని మాన్పిస్తాననీ అన్నాడు. అదంతా బేరం కోసం ఏడ్చే ఏడుపేనని మావాళ్ళు కొట్టిపారేశారు. రెండు రోజులు మాటలు నడిచాయి. మూడోనాడు కాఫీ రాలేదు.

పెదనాన్న కాసేపు తలుపు వైపే చూసి, కండువా దులిపి లేచాడు. "మనం తాగం, అది వేరే సంగతి. పంపడమే మానేశాడంటే ఏంటర్థం? మనల్ని మనుషుల కింద జమకట్టట్లేదనేగా!" అన్నాడు. ఎన్నడూ నోట పెట్టుకోని కాఫీ కోసం జట్టు మొత్తం అలిగి బయటికి నడిచింది. నవ్వకండి, ఆనాడు నాకూ అంతే కోపం వచ్చింది. మర్నాడు ఒక్క బస్తా కూడా లేవలేదు.

ఆ సాయంత్రం యజమాని సైకిలు మీద, ఒంటరిగా, పెదనాన్న ఇంటికి వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. "గేదెల్ని అమ్మేశాం బాబాయ్. పిల్లలకే పాలు లేవు. అందరి ముందూ ఆ మాట ఎట్టా చెప్పను?" అన్నాడు తలెత్తకుండా.

"ఇల్లు ఇట్టా ఉందని మొదటిరోజే చెబితే, మూడు రోజులు గొంతులు చించుకునే బాధ తప్పేదిగా బాబూ!" అన్నాడు పెదనాన్న. పెద్దమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఆ మంచం మీదే ఒప్పందం కుదిరింది: కూలి పెరగదు, తగ్గదు, ఎవర్నీ మాన్పించరు, ఉన్న పనినే వంతులవారీగా అందరూ పంచుకుంటారు. అది పండగలాంటి ఒప్పందం కాదు. ఆ ఏడు చాలా ఇళ్ళలో ఒకపూటే పొయ్యి వెలిగింది. షావుకారు పాలకోసం మా పిల్లల గంజి తగ్గించావని పెదనాన్నను మొహంమీదే అన్నవాళ్ళూ ఉన్నారు. అయినా జట్టులోంచి ఒక్క మనిషీ పోలేదు.

ఇదంతా విని మేనకోడలు, "అలగడానికైనా మీకొక మనిషున్నాడు మావయ్యా" అంది. ఆ తరవాత ఆమే, పొన్నూరు అమ్మాయీ కూర్చుని తోటివాళ్ళందరికీ ఫోన్లు చేశారు. ఎవరూ ఒంటరిగా సంతకం పెట్టకూడదనీ, సోమవారం మధ్యాహ్నం గేటు దగ్గర అందరూ కలిసి నిలబడాలనీ అనుకున్నారు. ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉండిపోయారు.

మర్నాడు పొద్దున్నే రైలుకు బయలుదేరుతుండగా, మా ఆవిడ ఇడ్లీలు పొట్లం కడుతుంటే, మేనకోడలికి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆమె ఒక్కదానికీ పాత జీతమే ఉంచుతారట. వచ్చి సంతకం పెట్టాలి, మిగతావాళ్ళకు చెప్పకూడదు. ఆమె ఫోను చేత్తో మూసి ఆ సంగతి మాకు చెప్పి, గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. పిల్లల మొహాలు ఆమె కళ్ళముందు మెదిలాయని వేరే చెప్పనక్కర్లేదు. నేను సలహా ఇవ్వలేదు. ఆ జీతం నాది కాదు.

"మీ పేరేంటండి?" అని అడిగింది చివరికి. జవాబు రాలేదు. "పేరు చెప్పనోళ్ళతో నేనొక్కదాన్నే మాట్లాడనండి. మధ్యాహ్నం గేటు దగ్గర అందరం ఉంటాం, అప్పుడు చెయ్యండి" అని పెట్టేసింది.

ఆమె చెప్పులు తొడుక్కునేలోగా పొన్నూరు అమ్మాయి ఫోను మోగింది. ఆ పిల్ల నంబరు చూసి, మేనకోడలి వైపు చూసి, ఎత్తకుండానే సంచీలో వేసుకుంది. సంచీలో అది మోగుతూనే ఉండగా ఇద్దరూ ఆటో ఎక్కి స్టేషనుకు వెళ్ళారు. మా కాలంలో, మమ్మల్ని విడదీయాలన్నా ఎవరో ఒకరు గడప దాకా రావలసివచ్చేది.