రెండో భాగంలోని ముసలాయన

ఆ రోజుల్లో, అంటే కేజీఎఫ్‌లో బంగారు గనులు మూసేసిన కొత్తలో, మా ఊళ్ళో టైమెంతో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. అంతకుముందు సంగు ఊదితే లేచేవాళ్ళం, సంగు ఊదితే తినేవాళ్ళం (సైరన్ని మావాళ్ళు సంగు అనేవాళ్ళు). మా అమ్మ పొయ్యి మీద పప్పు దించేది కూడా సంగును బట్టే. అది ఆగిపోయాక ఊరికి ఊరే ఆదివారం మధ్యాహ్నంలా తయారైంది. మా ఊరిగాంలో షిఫ్టుల ప్రకారం నడిచే చోటు ఒక్కటే మిగిలింది. అది మా మేనమామ గేమ్స్ సెంటరు. నా చదువు ఎక్కడ చెడిందని ఎవరైనా అడిగితే ఆ గుమ్మమే చూపిస్తాను. కానీ కోపంగా చూపించడం మాత్రం ఇప్పటికీ చేతకాదు.

మా మామ గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. మనుషుల్ని భూమిలోకి దింపి మళ్ళీ పైకెత్తే ఇనుప బోనును కేజు అంటారు, ఆ కేజు మీట ఆయన చేతిలో ఉండేది. కింద ఉన్నవాళ్ళు ఆయనకు కనబడరు. వాళ్ళు బెల్లు కొడితేనే ఎత్తాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, బెల్లు కొట్టందే మా మామ ఎత్తడు. గని మూసేసిన మర్నాడు కూడా ఎప్పటిలాగే లేచి, స్నానం చేసి, చొక్కా వేసుకుని, పోవడానికి చోటు లేక వాకిట్లో నిలబడ్డాడని మా అత్త చెప్పేది. ఆ నిలబడడం చూడలేక ఆమే తన తమ్ముళ్ళతో మాట్లాడి, క్వార్టర్స్ ముందుగదిలో మూడు పాత కంప్యూటర్లు పెట్టించింది.

మామకు కంప్యూటర్ అంటే ఏమీ తెలియదు. షిఫ్టు నడపడం మాత్రం తెలుసు. గోడకు ఒక పలక కొట్టి, దానిమీద రెండు వరసల మేకులు దిగ్గొట్టాడు. పై వరస 'బయట', కింది వరస 'లోపల'. బిస్కెట్ డబ్బా మూతలు కత్తిరించి నంబర్లు గీసి మాకు టోకెన్లు చేశాడు. ఆడడానికి కూర్చునేవాడు తన టోకెన్ తీసి 'లోపల' మేకుకు తగిలించాలి, లేచేటప్పుడు 'బయట'కు మార్చాలి. గనిలో అంతేనట. షిఫ్టు అయ్యాక ఒక్క టోకెన్ తక్కువైనా ఎవడో కింద ఉండిపోయాడని లెక్క. "మామా, గది ఇంత ఉంది, నేను నీ ఎదురుగానే ఉండాను కదా, మళ్ళీ టోకెన్ దేనికి?" అని నేనొకసారి తెలివిగా అడిగాను. "నువ్వు ఉండావనేది నేను చెప్తే చాల్దప్పా, టోకెన్ చెప్పల్ల" అన్నాడు. 'లోపల' మేకు మీద ఒక్క టోకెన్ ఉన్నా ఆయన షట్టర్ దించడు. అత్త లోపల్నుంచి "అన్నం చల్లారిపోతా ఉండాది" అని కేక వేసినా సరే.

అక్కడ మాకు దేవుడొకడు ఉండేవాడు. ఆ గేముకు నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ, మేమందరం గొడ్డలోడు అనేవాళ్ళం. చేతిలో గొడ్డలితో రాక్షసుల కోటలోకి దూరి, అడ్డమొచ్చినవాణ్ణి నరుక్కుంటూ పోవడమే వాడి పని. వాడికి ఆయాసం లేదు, ఆకలి లేదు, ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. పదో క్లాసు లెక్కల్లో మూలుగుతున్న నాకు అంతకంటే ఆదర్శ పురుషుడు ఎక్కడ దొరుకుతాడు? (గొడ్డలోడి నడక ప్రాక్టీసు చేస్తూ నేను స్కూలు మెట్ల మీద పడ్డ సంగతి ఇక్కడ అనవసరం.) అలాంటివాడి రెండో భాగం వస్తోందని తెలిసినప్పుడు, ఊరిగాం కుర్రాళ్ళకు అదొక తిరునాళ్ళ.

అదే సమయంలో పక్కనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో ఏసీతో, సెంటు వాసనతో కొత్త గేమ్స్ సెంటరు తెరిచారు. మా మామ గదికి వచ్చేవాళ్ళు పల్చబడ్డారు. గని పోయినవాళ్ళంతా అప్పటికే చీకటితో లేచి, మారికుప్పం రైలెక్కి, బెంగళూరులో ఏదో ఒక గేటు ముందు సెక్యూరిటీ యూనిఫాంలో నిలబడి, రాత్రికి తిరిగొస్తున్నారు. మామకు కూడా ఒకచోట ఆ పనికి రమ్మని మాట వచ్చింది. నేనూ ఆయనా రైల్లో బెంగళూరు పోయి రెండో భాగం సీడీ తెచ్చుకున్న రోజున, బంగారుపేటలో బండి మారేటప్పుడు వడ తింటూ చెప్పాడు. "అల్లుడా, ఇది ఆడితే అంగడి ఉంటాది. ఆడలేదా, ఇంగ నేనూ ఈ బండికే." నేను గొడ్డలోడి మీద ఒట్టు పెట్టి మరీ, ఆడుతుందని చెప్పాను.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. రెండో భాగంలో గొడ్డలోడు ముసలివాడైపోయాడా అనిపించేలా ఉన్నాడు. నాలుగు వేట్లు వేస్తే రొప్పుతాడు. రొప్పితే కూర్చుంటాడు. మేం ఎంత బటన్ నొక్కినా, వాడికి ఊపిరి అందేదాకా లేవడు. కోట లేదు, రాక్షసులు అంతంత మాత్రం. అంతా భూమి కింద సొరంగాలే. (గని మూతపడి ఏడుస్తున్న ఊరికి కాలక్షేపంగా గని గేము.) అన్నిటికంటే ఘోరం, వాడి వెంట ఒక ముసలాయన. మొదటి సొరంగంలోనే తగులుకుంటాడు. కాలు సరిగా లేదు, భుజం పట్టుకుని నడవాలి, దగ్గుతాడు, మధ్యమధ్యలో ఆగి గోడలు చూసి ఏదో గొణుగుతాడు. పైగా మొదటి భాగంలోలా ఎక్కడపడితే అక్కడ గేము ఆపి పోవడానికి లేదు. పైకి వచ్చి దీపం కొక్కేనికి తగిలిస్తేనే, అంతవరకు ఆడింది మిగులుతుంది.

ఈ ఆఖరి రూలు మా మామకు తెగ నచ్చింది. "చూసినావా, ఆ గేమ్ చేసినోడికి బుద్ధి ఉండాది. దీపం తిరిగి ఇయ్యకుండా ఎట్లా పోతాడు?" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. గొడ్డలోడూ ముసలాయనా కింద ఉండగా కంప్యూటర్ ఆపకూడదని శాసనం చేశాడు. గంట షిఫ్టు రెండు గంటలయ్యేది. నా స్నేహితుడొకడు ఉండేవాడు, ఎక్కడికైనా ఆలస్యంగా వస్తాడని రెండోషిఫ్టు అని పిలిచేవాళ్ళం. వాడి వంతు వచ్చేసరికి వాళ్ళమ్మ గరిటెతో గుమ్మంలో నిలబడేది. "మామా, మా అమ్మ కొడతాది, ఆపేస్తాను" అని వాడు ఏడుపు మొహం పెడితే, మామ ఆమెకు స్టూలు వేసి, "స్వల్ప కూకో తల్లీ, లోపల ఇద్దరు మనుషులు ఉండారు" అనేవాడు. ఆమె మొగుడూ గనిలో చేసినవాడే. ఆ మాట వినగానే ఏమనుకునేదో, గరిటె ఒళ్ళో పెట్టుకుని నిజంగానే కూర్చునేది.

అలా వారాలు గడిచాయి. ముసలాయన్ని మోసుకుంటూ కిందికి పోవడం, మోసుకుంటూ పైకి రావడం. సగం దారిలో నీళ్ళు పొంగితే ఇద్దరూ పోవడం, మళ్ళీ మొదటికి రావడం. ఒక్కొక్కడే విసుగెత్తి ఏసీ గదికి జారుకున్నాడు. చప్ప గేమ్, పనికిమాలిన గేమ్ అని తీర్మానం చేసేశాం. దసరా సెలవుల్లో మా పెదనాన్న కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. మామ టోకెన్ ఇస్తే అందుకుని నవ్వి, "ఈ గేమా? నేను రెండ్రోజుల్లో ముగించినానే" అన్నాడు. గదిలో ఉన్న నలుగురం నోళ్ళు తెరిచాం. "ముసలోణ్ణి ఎందుకురా మోసుకుపోతా ఉండారు? జీ నొక్కితే ఆడే కూకుంటాడు. ఊరికే వదిలేసి పోతా ఉండల్ల."

ఆ బటన్ మాకెవ్వరికీ తెలియదని కాదు. స్క్రీను మీద మూలగా రాసే ఉండేది, రోజూ చూసేవాళ్ళమే. కింద ఒక మనిషిని వదిలేసి రావడం ఆటలో ఒక పద్ధతి అని మాత్రం ఆ గదిలో ఒక్కడికీ తట్టలేదు. మా ఇళ్ళలో ఎవరినీ అలా పెంచలేదు. మామ లేచి, మా అన్న చేతిలోని టోకెన్ మెల్లగా తీసుకుని, "నువ్వు కాఫీ తాగి పో నాయినా" అన్నాడు. మర్నాటికి మూడు కీబోర్డుల్లోనూ జీ బటన్ ఊడి, ఆ ఖాళీ మీద నల్లటి ఇన్సులేషన్ టేపు పడింది. (ఆ తర్వాత ఉద్యోగాలకు అప్లికేషన్ కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ తిప్పలు చెప్పనలవి కాదు. కేజీఎఫ్ అని కొడితే కేఎఫ్ అని పడేది.)

దసరా అయిపోయింది. మామ యూనిఫాంకు కొలతలు ఇచ్చి వచ్చాడని అత్త చెప్పింది. ప్యాంటు కుట్టి కూడా వచ్చేసింది, సోమవారం నుంచి రైలు. మేం ముగ్గురమో నలుగురమో మిగిలాం. "పోతాను, పోనంటినా? ఆట ముగించి ముసలాయన్ని పైకి తెచ్చి పోదాం" అన్నాడు మామ. అప్పుడు చూశాను, 'లోపల' వరసలో చివరి మేకుకు నంబరు లేని టోకెన్ ఒకటి వేలాడుతోంది. "అది ఎవరిది మామా?" అన్నాను. "ఆయనదే" అన్నాడు. మేం బయటికొచ్చి పొట్టలు పట్టుకుని నవ్వాం.

ఆదివారం సాయంత్రం ఆఖరి ఘట్టానికి చేరాం. గొడ్డలోడు నిచ్చెనెక్కి ముందు పైకొస్తాడు. ముసలాయన కింద కేజులో ఉంటాడు. ఇంజిన్ మీట తిప్పి ఆయన్ని ఎత్తాలి. నేను ఎత్తితే తాడు తెగింది. రెండోషిఫ్టు ఎత్తితే కేజు గోడకు కొట్టుకుంది. అందరం ఒకేసారి మామ వైపు తిరిగాం. ఇన్నేళ్ళు కేజు నడిపిన మనిషి పక్కనే ఉండగా మనకెందుకు ఈ పాట్లు? ఆయన చేతులు తుడుచుకుని, చెప్పులు విడిచి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మేం ఆయన చుట్టూ మూగాం. ఆయన మౌస్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. కింద నీళ్ళు పొంగుతున్నాయి.

"ఎత్తు మామా!"

"బెల్లు యాడ?"

"బెల్లు లేదు మామా, ఎత్తేయాల!"

"బెల్లు లేకుండా ఎత్తితే, కాలు బయట పెట్టినోడి గతేంది?"

"డేయ్, నీళ్ళు, నీళ్ళు!" అని రెండోషిఫ్టు అరిచాడు. నీళ్ళు ముసలాయన నెత్తి దాటాయి. మా ఆశాకిరణం కదలలేదు, మెదలలేదు. ఆట మళ్ళీ మొదలయింది, మళ్ళీ అదే. మూడోసారి నాకేం తోచిందో, అత్త పెట్టి పోయిన కాఫీ లోటా, చెంచా తీసుకుని స్క్రీను పక్కన నిలబడ్డాను. ముసలాయన కాలు లోపలికి లాక్కుని తలుపు వేసుకోగానే, లోటా మీద టంగు టంగు టంగుమని కొట్టాను. మామ భుజాలు సర్దుకున్నాయి. మీట కదిలింది. కేజు ఎంత మెల్లగా లేచిందంటే, అది ఆట అన్న సంగతే మేం మరిచిపోయాం. సగంలో ఊగింది, ఆపాడు. నేను మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేచింది. గుమ్మంలో అత్త, గరిటెతో రెండోషిఫ్టు వాళ్ళమ్మ, దారిన పోతూ ఆగిన గనివాళ్ళు ఇద్దరు, అందరూ మెడలు చాచి కేజునే చూస్తున్నారు. కేజు పైకొచ్చి ఆగింది. ముసలాయన దిగాడు.

ఇంత చేస్తే, గేము చివర్లో నిధి లేదు, పేలుడు లేదు. ఇద్దరూ గడ్డి మీద కూలబడతారు. ముసలాయన ఒక్క మాట అంటాడు, కింద అక్షరాల్లో పడుతుంది. 'కాసేపు కూర్చుందాం' అని దాని అర్థం. అంతే. "ఇంతేనా!" అని నేను చెంచా విసిరేశాను. మామ మాత్రం లేచి పలక దగ్గరికి పోయి, నంబరు లేని టోకెన్ తీసి 'బయట' మేకుకు తగిలించాడు. అప్పుడు ఆయన కళ్ళు తుడుచుకున్నాడని అత్త ఇప్పటికీ అంటుంది. చెమట అని ఆయన అంటాడు.

డ్రైవర్ మామ కంప్యూటర్లో కేజు ఎత్తినాడంట అని తెల్లారేసరికి గనివాళ్ళ క్వార్టర్స్ లైన్లన్నీ పాకింది. సోమవారం ఆయన రైలెక్కబోతే గుమ్మంలో మనుషులు. గనివాళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ తోడల్లుళ్ళు. "ఇంగోసారి ఎత్తప్పా, చూస్తాం." రోజూ సాయంత్రం అదే ఆట, లోటా మీద బెల్లు నాదే. చూడ్డానికి వచ్చిన పెద్దల వెంట పిల్లలు వచ్చారు, వచ్చినవాళ్ళు టోకెన్ తీసుకున్నారు. ఫోన్లు వచ్చేదాకా అంగడి నడిచింది, ఆ తర్వాత అదే గదిలో జిరాక్స్ మిషన్ పడింది. మామ సెక్యూరిటీకి పోనే లేదు. ఆ యూనిఫాం ప్యాంటు అత్త చేతిలో రెండు మార్కెట్ సంచులైంది.

ఇప్పుడు నేను బంగారుపేటలో ఇల్లు కట్టుకుని రోజూ బెంగళూరు ఆఫీసుకు పోయివచ్చే మనిషిని. మెట్లెక్కితే రొప్పుతాను, రొప్పితే కూర్చుంటాను. మొన్న రైల్లో పక్కనున్న కుర్రాడు ఫోన్లో ఏదో చూస్తూ, ఆ గొడ్డలి గేము రెండో భాగమంత చెత్త ఇంకోటి లేదని స్నేహితుడితో అంటున్నాడు. నాకు కోపం పొడుచుకొచ్చింది. "ముసలాయన్ని వదిలేసి ఆడినావా?" అని అడిగేశాను. వాడు సీటు మారి కూర్చున్నాడు.

ఆ ఆదివారం లాప్‌టాప్‌లో మళ్ళీ ఆడాను. మా అమ్మాయి కాసేపు చూసి, "నాన్నా, జీ నొక్కితే అయిపోతుంది కదా" అంది. ఆ అక్షరం మీదికి నా వేలు పోలేదు. నిజం చెప్పాలంటే మొదటి భాగం ఇప్పుడు పది నిమిషాలు కూడా ఆడలేకపోయాను, నరకడం తప్ప వాడికింకేం రాదు. రెండోదే బాగుంది. ముసలాయన ఆగి ఆగి గొణిగేవి కూడా ఈసారి చదివాను. ఏ గోడ ఎప్పుడు తవ్విందో, పక్కన ఎవరు పని చేశారో, అన్నీ మనుషుల పేర్లే. చివరికి ఆయన్ని పైకి తెచ్చి, ఇద్దరూ గడ్డిలో కూర్చున్నాక, మామకు ఫోన్ చేశాను.

"మామా, ముసలాయన పైకొచ్చేసినాడు."

ఏ ముసలాయన, ఎక్కడి ముసలాయన అని ఆయన అడగలేదు. "టోకెన్ మార్చినావా?" అన్నాడు.

నేను లేచాను. తలుపు పక్కన మేకుకు ఇంటి తాళంచెవి వేలాడుతోంది. అది తీసి పక్క మేకుకు తగిలించాను. మా అమ్మాయి నన్నే వింతగా చూస్తోంది.

"మార్చినాను మామా" అన్నాను.